చార్టులో లేని కాల్

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈ రోజు ప్రియ ఆడింది.

ఆడదామని వచ్చింది కాదు. కెఎల్ నగరంలో, బ్రిక్‌ఫీల్డ్స్ టైలరు దగ్గర జాకెట్లు తీసుకోవాలని నాతో కార్లో బయలుదేరింది. టైలరు షాపు మూసి ఉంది. ఏం చెయ్యాలో తోచక మా పోకర్ ఆట దగ్గరికి వచ్చింది. తివాకర్ పరదాల షాపు పైఅంతస్తు, నెలకి ఒక ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంట, ఎనిమిది మంది. ఈ రోజు ఒకడు రాలేదు.

"కుర్చీ కాళీగా ఎందుకు లా, కూకో ఒదినా," అన్నాడు తివాకర్. మలాయ్ వాళ్ళలాగ మాట చివర 'లా' లేకుండా వాడు మాట్లాడడు.

నేను ఊరుకోవాల్సింది. "కూకో, పది నిమిసాల్లో అయిపోద్దిలే," అని నవ్వాను. అందరూ నవ్వారు.

పది నిమిషాల్లో అయిపోలేదు. మూడు గంటలైనా ఇంకా ఆటలోనే ఉంది. అప్పటికి తన దగ్గర ఏడు బ్లైండ్లకి సరిపడా చిప్స్, అంటే పందెం బిళ్ళలు, మిగిలాయి. అలాంటప్పుడు ఏం చెయ్యాలో ఆ బల్ల దగ్గర వందసార్లు చెప్పినవాణ్ణి నేనే. ప్రతి రౌండులో వంతు వచ్చినప్పుడు కార్డు చూడకుండా పెట్టే పందెం బ్లైండు. దానికి పది రెట్లు కూడా లేనివాడు కొంచెం కొంచెంగా ఆడుకుంటూ కూర్చుంటే ఆ బ్లైండ్లే వాణ్ణి తినేస్తాయి. చేయి అంటే చేతికొచ్చే రెండు కార్డులు. అందుకని మంచి చేయి వస్తే ఉన్నదంతా ముందుకి తొయ్యాలి, రాకపోతే పారెయ్యాలి. మధ్యలో ఇంకోటి లేదు. ఏ చేతికి తొయ్యాలో, ఎదుటివాడు తోస్తే ఏ చేతికి కాల్ అని వాడి పందెానికి సమానంగా కట్టాలో చార్టు కూడా నేనే తయారు చేశాను. ఫ్యాక్టరీలో లామినేషన్ కూడా చేయించాను.

ప్రియ దగ్గర రాజు-అయిదు. అందరూ పారేశారు, తను, మాలో చిన్నవాడు డారెన్ మిగిలారు. ప్రియ డారెన్ ముఖం కూడా చూడలేదు. రెండు చేతులతో చిప్స్ అన్నీ తోసేసి, పక్కన పెట్టిన మజ్జిగ గ్లాసు తీసుకుని తాగింది.

డారెన్ పారేశాడు. "ఆంటీ బలే ధైర్యం లా," అన్నాడు.

ధైర్యం ఏమిటి? అది నా చార్టు. నాలుగేళ్ళుగా రాత్రి భోజనాల దగ్గర ఆ చార్టు తన చేతికిచ్చి, నన్ను ప్రశ్నలు అడగమంటున్నాను. "బటన్ మీద ఉన్నావు, ఎనిమిది బ్లైండ్లు, రాణి-తొమ్మిది, ఏటి సేస్తావు?" అని తను అడుగుతుంది, నేను జవాబు చెబుతాను. (బటన్ అంటే పంచేవాడి స్థానం.) అడిగేవాళ్ళకి కూడా వచ్చేస్తుందని నాకెందుకు తట్టలేదో!

ప్రియ మూడో స్థానం. నేను ఆరో స్థానం. ఈ రోజు నాకు కార్డులు రాలేదు.

ఫిబ్రవరి 3, సోమవారం

మొదటిసారి ఆడేవాళ్ళకి అదృష్టం ఉంటుంది. అందరికీ తెలిసిన సంగతే.

ఫిబ్రవరి 16, ఆదివారం

"బావా, వచ్చే నెల కూడా నాను రావచ్చా?"

రావద్దని ఎలా అంటాను? రమ్మన్నాను. రాజు-అయిదు అన్నిసార్లూ తొయ్యకూడదు, చార్టుకి మించి ఒక అంచనా ఉంటుంది, అది ఏళ్ళ తరబడి ఆడితేగాని రాదు అని చెప్పాను.

"మరి సార్టు ఎందుకు రాసినావు?" అంది.

రొయ్యలు ఒలుస్తూ అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. అందుకే ఒళ్ళు మండింది.

మార్చి 2, ఆదివారం

ప్రియ రెండో స్థానం.

నా సంగతి వివరంగా రాసుకోవాలి. తొమ్మిది బ్లైండ్లు ఉన్నాయి. బటన్ మీద ఉన్నాను. ఆసు-ఎనిమిది వచ్చింది. పారేశాను. ఎందుకంటే నా తరువాత కూర్చున్నది తివాకర్, వాడు ఈ రోజు దేనికైనా కాల్ అనే ఊపులో ఉన్నాడు. ఇంకో మంచి చేయి రాదా అనుకున్నాను. రాలేదు. ఆరు బ్లైండ్లయ్యాయి. నాలుగయ్యాయి. చివరికి రెండు మిగిలితే ఏడు-రెండుతో పోయాను. ఆ చేతితో ఎవడైనా పోతాడు.

కార్లో ప్రియ అడిగింది. "ఆసు-ఎనిమిది ఒచ్చినప్పుడు ఏల తొయ్యనేదు?"

"నీకెలా తెలుసు?"

"పారేసినప్పుడు నాకు సూపించినావు కదా, ఎంత కస్టం సూడు అని."

చూపించానా? చూపించే ఉంటాను. తివాకర్ ఊపు గురించి చెప్పాను, బల్ల దగ్గర గాలి ఎటు వీస్తోందో చెప్పాను. తను "ఊఁ" అంది. మా ఊరు కౌలా సెలంగోర్ చేరేదాకా అదే "ఊఁ" నా చెవిలో ఉంది.

ఫ్యాక్టరీలో నాది విడిభాగాల స్టోరు. పదిహేనేళ్ళుగా పనికిరాని బేరింగు కూడా పారెయ్యను, ఎప్పుడో ఒకరోజు మిషను ఆగిపోతుంది, అప్పుడు అందరూ ఈ శ్రీకుమార్ దగ్గరికే వస్తారు. ఆగడం తెలిసినవాడు చివరికి నిలబడతాడు. ప్రియకి అది అర్థం కాదు.

మార్చి 30, ఆదివారం, ఉగాది

తెలుగు సంఘం హాల్లో భోజనాలు. తివాకర్ నన్ను ఎవరో పెద్దాయనకి పరిచయం చేస్తూ, "ఈయనే లా, మన ప్రియ ఒదిన మొగుడు," అన్నాడు.

ఇరవై రెండేళ్ళుగా ఆమె శ్రీకుమార్ పెళ్ళాం.

ఆ పెద్దాయన ఊరుకోకుండా, "ఆవిడే నేర్పిందా మీకు పేకాట?" అని అడిగాడు. ప్రియ దూరం నుంచి విని, "కాదు తాతా, బావే నాకు నేర్పినాడు," అని గట్టిగా చెప్పింది. నా పరువు కాపాడింది. కాపాడించుకోవాల్సిన స్థితికి వచ్చానే అని అన్నం సహించలేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

ప్రియ కారు వర్క్‌షాపులో ఉంది. తను పనిచేసే పామాయిలు మిల్లు దగ్గరికి తనని తీసుకురావడానికి వెళ్ళాను. ఇన్నేళ్ళలో తను పని చేస్తుంటే నిలబడి చూడడం ఇదే మొదలు.

లారీలోంచి పామాయిలు గెలలు సిమెంటు నేల మీద కుమ్మరిస్తారు. ప్రియ ఇనపకొక్కెం కర్రతో వాటి మధ్య నడుస్తుంది. పండింది ఇటు, పచ్చిది అటు. ఒక్కో గెల దగ్గర ఒక రెప్పపాటు కూడా ఆగదు. లారీ డ్రైవరు మీదికొచ్చి అరుస్తున్నాడు, తన గెలలు మంచివేనంటాడు. ప్రియ తల ఎత్తలేదు. "ఇది పచ్చి, తీసుకుపో," అని తమిళంలో చెప్పి తరువాతి గెల దగ్గరికి వెళ్ళిపోయింది.

"తప్పు సేస్తానని భయం ఎయ్యదా?" అని కార్లో అడిగాను.

"సేస్తాను కదా అప్పుడప్పుడు. ఆ గెల పోద్ది. ఎనకాల లారీలు నిలబడి ఉంటాయి బావా."

ఏప్రిల్ 6, ఆదివారం

ప్రియ గెలిచింది.

ఏప్రిల్ 7, సోమవారం

మధ్యాహ్నం భోజనం వేళ, స్టోరులో కూర్చుని రాస్తున్నాను.

ఇది అసూయ కాదు. పెళ్ళాం మీద మొగుడికి అసూయేమిటి? తను గెలిస్తే ఇంటికే కదా పేరు. నాకు బాధ కలిగించేది వేరే. తను ఆటని సీరియస్‌గా తీసుకోదు. నేను పుస్తకాలు చదివాను, వీడియోలు చూశాను, చార్టులు రాశాను. తను మజ్జిగ తాగుతూ గెలుస్తుంది. నిన్న గెలిచాక అందరూ చప్పట్లు కొడుతుంటే, "టైలరు షాపు మూసేస్తాడేమో," అని లేచింది. ఆటకి గౌరవం ఇవ్వనివాళ్ళు గెలవడం ఆటకే మంచిది కాదు. నా బాధ అది.

ప్రియ మా మేనమామ కూతురు. మేము పుట్టిన ఊరు హుటాన్ మెలింటాంగ్‌లో పక్కపక్క ఇళ్ళు. సైకిలు నేర్పింది నేను. ఏరు మీద పడవలోంచి ఒడ్డుకి ఎలా దూకాలో నేర్పింది నేను. లెక్కలు, మలాయ్ వ్యాసాలు, కారు, అన్నీ నేనే. ఆ అలవాటు మీదే పెళ్ళయింది అని కూడా అనుకోవచ్చు. సైకిలు నేర్చుకున్నాక కూడా రోడ్డు దాటే ముందు నా వైపు చూసేది.

రాజు-అయిదు తోసినప్పుడు చూడలేదు.

నాకు ఏడుపొచ్చింది అని రాస్తే అబద్ధం. కళ్ళు మండాయి, అంతే. స్టోరులో దుమ్ము.

ఏప్రిల్ 20, ఆదివారం

జూన్ మొదటి ఆదివారం చివరి ఆట. అందులో గెలిచినవాళ్ళకి కొండ మీది కాసినోలో జరిగే పెద్ద టోర్నమెంటులో సీటు. సీటు ఒక్కటే. నాలుగేళ్ళుగా దాని కోసమే ఆడుతున్నాను. ఒకసారి డారెన్ వెళ్ళాడు, రెండుసార్లు తివాకర్, ఇంకోసారి ఇంకొకడు. ఈసారి నాది. నాది కాకపోయినా ఫరవాలేదు. ప్రియది కాకుండా ఉంటే చాలు.

పై వాక్యం కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

మే 4, ఆదివారం

పొద్దున్న ప్రియతో, ఈ నెల ఆట లేదని చెప్పాను. తివాకర్ ఈపో ఊరు వెళ్ళాడన్నాను. ఫ్యాక్టరీకి విడిభాగాలు వస్తున్నాయి, దించుకోవాలి అని కారు తీసుకున్నాను. తను అన్నం డబ్బాలో పెట్టి ఇచ్చింది, అప్పడాలు మెత్తబడకుండా వేరే కవరులో కట్టింది.

బ్రిక్‌ఫీల్డ్స్ వెళ్ళి ఆడాను. అందరికన్నా ముందు నేనే పోయాను. ఆ డబ్బా కార్లోనే కూర్చుని తిన్నాను. అప్పడాలు కరకరలాడుతున్నాయి.

మే 5, సోమవారం

నిన్ననే తివాకర్ భార్య పుష్పవల్లి ప్రియకి ఫోను చేసిందట, "ఏం రాలేదు?" అని. సాయంత్రం నేను ఇంట్లో అడుగుపెట్టేసరికే తనకి అంతా తెలుసు. నాకు ఈ రోజు తివాకర్ చెబితే తెలిసింది.

నిన్న ప్రియ నన్ను అడిగింది ఒక్కటే. "పార్టులు ఒచ్చినాయా బావా?"

"వచ్చాయి," అన్నాను.

"మంచిది."

జూన్ 1, ఆదివారం

నేను గెలిచాను. సీటు నాది.

ప్రియ తన కార్లో వేరేగా వచ్చింది. మే నుంచి ఆటకి తీసుకెళ్ళమని నన్ను అడగడం మానేసింది. నాకన్నా ముందే వచ్చి కూర్చుని ఉంది.

చివరికి ముగ్గురం మిగిలాం. నేను, ప్రియ, డారెన్. నా దగ్గర పధ్నాలుగు బ్లైండ్లు, ప్రియ దగ్గర ఎనిమిది. డారెన్ పారేశాడు. ప్రియ ఉన్నదంతా తోసింది. తను తోసినప్పుడు చప్పుడు రాదు. మేమంతా టకటకలాడిస్తాం.

నా చేతిలో ఆసు-పది. ఆలోచించాను. పెళ్ళామని జాలి చూపిస్తే ఆటకి అన్యాయం చేసినట్టు. కాల్ అన్నాను. తన దగ్గర ఆసు-రాణి. బల్ల మీద అందరికీ కలిపి పరిచే అయిదు కార్డుల్లో చివరిది నాకు కలిసొచ్చింది. తను అక్కడితో అవుట్. తరువాత డారెన్ని ఓడించడం ఎంతసేపు!

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నా మీద వాళ్ళకి ఎప్పుడూ కొంచెం కుళ్ళే.

ఇంటికొచ్చాక ప్రియ ఒక్క మాట అడిగింది. "ఆ సేతికి కాల్ ఉన్నాదా బావా?"

ఆసు-పదికి కాల్ ఉందా అని అడుగుతోంది! చార్టు మరిచిపోయినట్టుంది.

జూన్ 2, సోమవారం

చార్టు తీసి చూశాను. ఎనిమిది బ్లైండ్లు తోస్తే ఆసు-పదికి కాల్. అనుమానమే లేదు.

జూన్ 5, గురువారం

మా వాట్సాప్ గుంపులో డారెన్ ఒక జోకు పెట్టాడు. నా కొత్త పేరు. అందరూ నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. ఇక్కడ రాయను. గుంపులోంచి బయటికి వచ్చేశాను.

ప్రియ ఆ గుంపులో ఉంది. తను బొమ్మ పెట్టలేదు.

ఆసు-పదికి కాల్ ఉంది.

జూన్ 8, ఆదివారం

తొమ్మిది-నాలుగు.

నా చేతిలో ఉన్నది తొమ్మిది-నాలుగు. రెండు రంగులు. చెత్త చేయి. చార్టులో ఆ గడి చుట్టూ నాలుగు వైపులా పారెయ్యమనే ఉంది. ఆ గడికి రంగు పూసింది నేనే.

ఒకరు అన్నీ తోసి, ఇంకొకరు కాల్ అన్నాక కార్డులు తిరగేసి బల్ల మీద పెట్టాలి, అది ఆట నియమం. పెట్టాను. ప్రియ చూసింది, డారెన్ చూశాడు, చుట్టూ నిలబడ్డ అయిదుగురు చూశారు. ఎవరికీ తెలియనిదేమీ లేదు. అబద్ధం చెప్పడానికి నాకు ఈ నోటుబుక్కు ఒక్కటే మిగిలింది. దీనికే మూడుసార్లు చెప్పాను.

తను తోసేసరికి ఏమైందో రాస్తాను. తను నా వైపు చూడలేదు. మజ్జిగ గ్లాసు కోసం చెయ్యి చాపింది. నేను ఎదురుగా ఉన్నానని, నేను కాల్ అనవచ్చని, ఓడించగలనని తనకి పట్టనే లేదు. నా కార్డులు చూసుకున్నాను, తొమ్మిది-నాలుగు. పారెయ్యాలని తెలుసు. తెలిసే కాల్ అన్నాను. ఒక్కసారైనా తను నా వైపు చూడాలి. అంతే కావాలి నాకు.

చూసింది. ముందు కార్డులు చూసింది, తరువాత నన్ను. తొమ్మిది అయిదో కార్డుగా పడింది. అప్పుడు కూడా తను కార్డు వైపు చూడలేదు, నా వైపే చూస్తోంది.

నాకు ప్రియ మీద అసూయ. ఫిబ్రవరి నుంచి. రాశాను.

జూన్ 14, శనివారం

తివాకర్‌కి ఫోను చేసి సీటు ప్రియ పేరున మార్చమన్నాను. వాడు "అదే మంచిది లా," అన్నాడు. ఇంకొంచెం బతిమాలుతాడేమో అనుకున్నాను.

ప్రియకి చెప్పాను. "నువ్వే ఎల్లు. న్యాయంగా నీదే."

వద్దంటుందని, నేను బలవంతపెట్టాలని, చివరికి కళ్ళు తుడుచుకుంటుందని ఏవేవో అనుకున్నాను. తను గిన్నె బోర్లించి చేతులు తుడుచుకుంది.

"సరే, ఎల్తాను," అంది. "సెలవు పెట్టాలి. ఏ రోజు?"

త్యాగం చేసిన మనిషికి ఒక గ్లాసు టీ అయినా ఇవ్వరా అని కోపం వచ్చింది. త్యాగమట! ఈ మాట రాసేటప్పుడు నాకే సిగ్గేసింది.

జూన్ 28, శనివారం

కొండ మీదికి కెఎల్ సెంట్రల్ స్టేషను నుంచి బస్సులో వెళ్ళాం. నేను కూడా వస్తానన్నాను. తను "రా" అంది. పైన మంచు కమ్ముకుని ఉంది. లోపల పగలో రాత్రో తెలియదు. నూట ఇరవై మంది ఆటగాళ్ళు, నల్లకళ్ళద్దాలవాళ్ళు, చెవుల్లో యంత్రాలు పెట్టుకున్నవాళ్ళు. వాళ్ళ మధ్య ప్రియ మిల్లుకి వేసుకెళ్ళే బులుగు స్వెట్టరుతో కూర్చుంది. నేను చూసేవాళ్ళకి కట్టిన తాడు ఇవతల నిలబడ్డాను.

పధ్నాలుగు మంది మిగిలేదాకా ఉంది. పన్నెండు మందికి బహుమతులు. తన దగ్గర ఎనిమిది బ్లైండ్లు. జత ఎనిమిదులు వచ్చాయి, తోసింది. అద్దాలవాడు ఒకడు ఆసు-జాకీతో కాల్ అన్నాడు. ప్రియే ముందుంది. మూడు కార్డులు పడ్డాయి, ఏమీ లేదు. నాలుగోది, ఏమీ లేదు. నేను తాడు పట్టుకుని ఉన్నాను.

ఏం కోరుకున్నానో రాస్తాను. జాకీ పడాలని కోరుకున్నాను.

జాకీ పడింది.

ఛాతీ మీది బస్తా ఎవరో దించినట్టయింది. తను లేచి, ఆ అద్దాలవాడికి చెయ్యి కలిపి, నా దగ్గరికి వచ్చింది. నేను ఎప్పుడూ లేనంత హుషారుగా ఉన్నాను. "బలే ఆడినావు! నూటిరవై మందిలో పధ్నాలుగు అంటే మాటలా? రా, టీ తాగుదాం, కేకు కూడా తిందాం," అంటున్నాను. టీ తెచ్చాను, కేకు తెచ్చాను, తన సంచీ నేనే మోశాను. అద్దాలవాడి మీద జోకు వేశాను.

ప్రియ టీ ముట్టుకోలేదు.

"ఓడిపోయినాది నాను," అంది. "నీ ముకం ఏటి బావా అలాగ ఎలిగిపోతన్నాది?"

కేకు ప్లేటు పక్కకి జరిపాను.

దిగేటప్పుడు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. తను కిటికీ వైపు. చెవుల్లో పాటలు పెట్టుకుంది. రెండు మలుపులు తిరిగేదాకా ఆగాను. ఇంకో మలుపు ఆగుదామనుకున్నాను. ఆగలేదు.

"నాకు నీ మీద కుళ్ళు," అన్నాను.

పాటలు వింటోంది కదా అని గట్టిగా అన్నాను. ముందు సీటు ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ప్రియ చెవిలోది తీసింది.

"మల్లీ సెప్పు."

"నీ మీద నాకు కుళ్ళు. నువ్వు రాజు-అయిదు తోసిన రోజు నుంచి. ఇందాక నువ్వు ఓడిపోవాలనే సూసినాను. జాకీ పడాలనుకున్నాను."

తను ఏడవలేదు, అరవలేదు. చెవిలోది చుట్టి సంచీలో పెట్టుకుంది.

"మే నెలలో అబద్ధం ఆడినావు, బాధేసినాది, పోనీలే అనుకున్నాను. తొమ్మిది-నాలుగుకి కాల్ అన్నావు, నాకు కోపం రానేదు. ఎదర కూకున్నావు, నన్ను ఓడించాలనుకున్నావు, అది ఆట. ఈ రోజు నువ్వు ఆటలో నేవు బావా. తాడు అవతల ఉన్నావు. నాకు ఎవుడున్నాడు అక్కడ, నువ్వు తప్ప? నువ్వూ నాను ఓడాలనే సూసినావు."

కొండ దిగి ఊరి దీపాలు కనబడ్డాక తనే మళ్ళీ అంది.

"వచ్చే ఆట నుంచి నువ్వు రాకు. నాను ఆడినన్నాళ్ళు నా ఎదర కూకోవద్దు, నా ఎనకాల నిలబడొద్దు. సెప్పినావు కాబట్టి ఇంటికి ఒస్తన్నాను. సెప్పకపోతే మా అక్క కాడ దిగిపోదును."

జూన్ 29, ఆదివారం

తివాకర్‌కి చెప్పాను, ఇక నా కుర్చీ ఎవరికైనా ఇమ్మని. ఎందుకని అడిగాడు. నడుం నొప్పి అన్నాను. తరువాత మళ్ళీ ఫోను చేసి నడుం నొప్పి కాదని చెప్పాను.

జూలై 6, ఆదివారం

కొత్త వరస ఆటలు మొదలు. ప్రియ పదకొండున్నరకి బయలుదేరింది. గేటు దాకా వెళ్ళాను. "జాగ్రత్త," అన్నాను. "ఊఁ," అంది.

అన్నం వండాను. వెన్నెల్లాంటి తెల్ల చొక్కాలు రెండు ఇస్త్రీ చేశాను. రెండు గంటలకి ఇప్పుడు మొదటి విరామం ఉంటుంది అనుకున్నాను. నాలుగు గంటలకి బ్లైండ్లు పెరిగి ఉంటాయి, ఎవరో ఒకరి దగ్గర ఎనిమిదో తొమ్మిదో మిగిలి ఉంటాయి అనుకున్నాను. పుష్పవల్లికి ఫోను చేసి అడగవచ్చు. చెయ్యలేదు.

ప్రియ గెలవాలి, అని ఇక్కడ రాశాను. రాసి చూసుకుంటే చేతిరాత బాగానే ఉంది, మాట మాత్రం నాది కాదు. కొట్టేశాను.

ప్రియ ఓడిపోకూడదు, అని రాశాను. అది కొంచెం నిజం. ఉంచాను.

అయిదున్నర. కారు వచ్చింది. హారను కొట్టలేదు, ఎప్పుడూ కొట్టదు. తను గెలిచిందో ఓడిందో నాకు తెలియదు. గేటు తియ్యగానే తను ముందు నా ముఖం చూస్తుంది. ఎలా ఉందో నేను చూసుకోలేదు, అద్దం దగ్గరికి వెళ్ళను కూడా. లేస్తున్నాను.